చెడు కబురు ఎన్నో రోజున తెలుస్తుంది?

ఫ్యూజనోపొలిస్ భవనాల అడుగునున్న వన్-నార్త్ స్టేషన్ ఎస్కలేటర్ మీద ఉదయంపూట తెలుగు వినపడని రోజు అరుదు. "ఈ స్ప్రింటులో అవుతుందంటావా?" "ఎక్కడవుతుంది, వచ్చేదాంట్లోకి తోసెయ్యడమే." భూమధ్యరేఖకు ఒక డిగ్రీ ఉత్తరాన ఉండటం వల్ల ఆ పేరు పెట్టుకున్న సింగపూర్‌లోని ఈ పేట 2001లో మొదలైంది. అదే ఏడు ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే స్కీయింగ్ విడిదిలో 17 మంది కూర్చుని ఎజైల్ మ్యానిఫెస్టో రాశారు. ఇవాళ ఇక్కడ నేను పనిచేసిన ఆఫీసుల్లో స్ప్రింటు, స్క్రమ్, స్టాండప్ అనే మాటలు లేనిది ఒక్కటీ లేదు. అనడం వేరు, చెయ్యడం వేరు.

నిర్వచనాలు మీలో చాలామందికి తెలిసినవే. అవసరాలన్నీ ముందే రాసి, సంతకాలు పెట్టించుకుని, ఆపైన డిజైను, కోడు, చివర టెస్టింగు చేసేది సంప్రదాయ పద్ధతి. రెండు మూడు వారాలకోసారి పనిచేసే ముక్క చూపించి, చూసినవాళ్ళు చెప్పినదాన్నిబట్టి తరవాతి ముక్క ఎంచుకునేది ఎజైల్. ఎమ్మెస్ చదివే రోజుల్లో మాకు మొదటిదానికి మూలపురుషుడు విన్‌స్టన్ రాయిస్ అని చెప్పారు. 1970లో ఆయన రాసిన వ్యాసం తీసి చదివితే తమాషాగా ఉంటుంది. అందులో వాటర్‌ఫాల్ అనే మాటే లేదు. పైగా, మెట్లు మెట్లుగా దిగే ఆ బొమ్మ గీసి, ఇలా చేస్తే ప్రమాదమనీ, తప్పులు చివర టెస్టింగు దాకా బయటపడవనీ హెచ్చరించింది కూడా ఆయనే! బొమ్మ మాత్రం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

నా మటుకు నాకు రెండింటికీ అసలు తేడా ఆ హెచ్చరికలోనే కనిపిస్తుంది: చెడు కబురు ఎన్నో రోజున బయటపడుతుంది?

కొన్నేళ్ళ క్రితం ఇక్కడి ఒక క్లయింటుకు పాత మెయిన్‌ఫ్రేమ్ మార్చే పనిలో నేను లీడ్‌గా ఉన్నాను. టీము సగం ఇక్కడ, సగం హైదరాబాదులో. ధర, గడువు, పని మూడూ ముందే ఖాయమైపోయిన ఫిక్స్‌డ్ ప్రైస్ కాంట్రాక్టు. 200 పేజీల రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటును ముక్కలు చేసి జిరాలో పోసి, దానికి బ్యాక్‌లాగ్ అని పేరు పెట్టాం. రోజూ మా పదకొండున్నరకు, అంటే హైదరాబాదులో తొమ్మిదింటికి, స్టాండప్. క్లయింటు మేనేజరూ లైన్లో ఉండేవాడు.

అక్కడ రెండేళ్ళ అనుభవమున్న కుర్రాడొకడు మెయిన్‌ఫ్రేమ్ నుంచి వచ్చే ఫైలు చదివే ప్రోగ్రాము రాస్తున్నాడు. అడ్డంకులేమైనా ఉన్నాయా అంటే ఏమీ లేవనేవాడు. ఎంతయిందంటే 80 శాతం. మర్నాడు 85. ఆ తరవాత 90. అలా పదకొండు రోజులు. పన్నెండో రోజు డెమో. ముందురోజు రాత్రి ఫోను చేసి చెప్పాడు: అసలు ఫైలు డాక్యుమెంటులో ఉన్నట్టు లేదు, మొదటి వారమే ఆగిపోయాడు, రాత్రుళ్ళు కూర్చుని తనే సరిచెయ్యాలని చూస్తున్నాడు.

"మరి ముందే చెప్పొచ్చు కదయ్యా?"

"అన్నా, మీరు అందరి ముందూ అడుగుతారు. క్లయింటు వింటుంటే రాలేదని ఎలా చెప్పను?"

డెమో పోయింది, ఆ విడత బిల్లు నెల వెనక్కి వెళ్ళింది. కుర్రాణ్ణి ప్రాజెక్టు నుంచి తీసేశారు. తియ్యమని మెయిలు రాసింది నేనే. స్టాండప్ కాస్తా హాజరు పిలుపైపోయిందని, ఆ పిలిచే మేష్టార్ని నేనేనని అప్పటికి తోచలేదు.

తరవాత పాత పుస్తకాలు తిరగేస్తుంటే, దీనికి మందు సింగపూర్‌లోనే, ఆ స్నోబర్డ్ సమావేశానికి నాలుగేళ్ళ ముందే తయారైందని తెలిసి ఆశ్చర్యపోయాను. 1997లో ఇక్కడి ఒక పెద్ద బ్యాంకు రుణాల వ్యవస్థ కోసం జెఫ్ డి లూకా రూపొందించిన పద్ధతి ఫీచర్ డ్రివెన్ డెవలప్‌మెంట్. 50 మంది, 15 నెలలు. అంతకుముందు ఆ పని చేపట్టిన సంస్థ రెండేళ్ళలో 3,500 పేజీల యూజ్ కేసులు తయారుచేసి, కోడు మాత్రం రాయకుండా, ఇది అయ్యేది కాదని తేల్చిందని జిమ్ హైస్మిత్ తన పుస్తకంలో రాశారు. డి లూకా పద్ధతిలో ముందు అందరూ కలిసి మొత్తానికి ఒక మోడల్ గీస్తారు (ఇది సంప్రదాయం వాసనే). ఆపైన రెండు వారాలు దాటని చిన్న చిన్న ఫీచర్లుగా విడగొట్టి కడతారు.

నన్ను ఆకట్టుకున్నది అందులోని లెక్క. ప్రతి ఫీచరుకూ ఆరు మెట్లు: విషయం వివరంగా వినడానికి 1 శాతం, డిజైనుకు 40, డిజైను తనిఖీకి 3, కోడుకు 45, కోడు తనిఖీకి 10, బిల్డులో చేర్చడానికి 1. మెట్టు పూర్తయితేనే అంకె పడుతుంది. మా కుర్రాడి పని ఆ పట్టికలో ఉంటే పదకొండు రోజులూ 44 దగ్గరే కదలకుండా కనిపించేది. అతను నోరు తెరవక్కర్లేదు, నేను గద్దించక్కర్లేదు!

ఇదంతా చదివి ముందస్తు కాగితాలు దండగ అనుకోకండి. వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్‌కు 2006లో వచ్చిన ఐ.ఇ.సి. 62304 ప్రమాణం కాగితాలు గట్టిగానే అడుగుతుంది. అయితే వాటర్‌ఫాల్‌లోనే చెయ్యమని మాత్రం అనదు. మెయిన్‌ఫ్రేమ్ నమూనా ఫైలు ఒకటి తెప్పించుకుని మొదటి వారమే తెరిచి చూసి ఉంటే మా గొడవా ఉండేది కాదు. అది ఏ పద్ధతిలోనైనా చెయ్యదగ్గ పనే.

ఇప్పుడు మా స్టాండప్‌కు క్లయింటును పిలవం, వారానికోసారి విడిగా చూపిస్తాం. శాతాలు చెప్పనివ్వం. ఫిక్స్‌డ్ ప్రైస్ కాంట్రాక్టు మార్చడం మాత్రం నా చేతిలో లేదు. "ఎవరికైనా సాయం కావాలా?" అని అడిగితే మనవాళ్ళెవరూ పలకరు కనుక, ముందుగా నా పని ఎక్కడ ఆగిందో నేనే చెప్పడం మొదలుపెట్టాను. మూడు రోజులు అటువైపు నిశ్శబ్దం. నాలుగో రోజు హైదరాబాదు నుంచి టెస్టర్ అమ్మాయి మ్యూట్ తీసి, "నాదీ నిన్నట్నుంచి ఆగిపోయిందండీ" అంది.