ఐదు మిల్లీ ఆంపియర్ల కాపలా

"ఎంసీబీ ఉంది కదా సార్, మరి తడిచేత్తో కూలరు పట్టుకున్న మనిషి ఎలా పోతాడు?" పాలిటెక్నిక్ తరగతిలో ఏటా ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తూనే ఉంటారు. ఎంత మంచి ప్రశ్నో! దీనికి జవాబు చెప్పాల్సి వస్తే నేను అమెరికా ఇళ్ళ బయటిగోడకు బిగించే సాకెట్ దగ్గర మొదలుపెడతాను. పెరట్లో, వాకిట్లో, వానకు తడిసే చోట ఉండే సాకెట్ అది. మధ్యలో రెండు చిన్న బటన్లు ఉంటాయి: ఒకటి టెస్ట్, ఇంకొకటి రీసెట్. దాన్ని అక్కడ జీఎఫ్‌సీఐ అంటారు. మనవైపు ఆర్‌సీసీబీ దాని దగ్గరి చుట్టమే.

ముందు ఎంసీబీ సంగతి. అది కాపాడేది తీగను, మనిషిని కాదు. తీగ వేడెక్కి అంటుకోకుండా చూడటమే దాని ఉద్యోగం. తడిసిన ఒంటి నిరోధం సుమారు వెయ్యి ఓములు అనుకుందాం. అమెరికాలో 120 వోల్టులు కాబట్టి ఒంట్లోంచి 120 మిల్లీ ఆంపియర్లు పారుతాయి. గుండె లయ తప్పడానికి ఆ మాత్రం చాలు. 15 ఆంపియర్ల బ్రేకరుకు మాత్రం అది లెక్కలోకే రాదు, దాని హద్దులో 125వ వంతు. ఎర్త్ తీగ ఉందిగా అంటారా? పరికరం ఇనుప ఒంటికి కరెంటు తగిలినప్పుడు, జాయింటు గట్టిగా ఉంటేనే అది పనికొస్తుంది. గడ్డికోత యంత్రం వైరు తెగి, తెగిన కొస నేరుగా చేతికి తగిలితే ఎర్త్ ఏం చేస్తుంది?

జీఎఫ్‌సీఐలో ఒక చిన్న అయస్కాంత రింగు ఉంటుంది. ఫేజు తీగ, న్యూట్రల్ తీగ రెండూ ఆ రింగులోంచే దూరి వెళతాయి. పొద్దున మేతకు తోలిన పశువులు సాయంత్రం అన్నీ తిరిగొచ్చాయా అని దొడ్డి వాకిట్లో లెక్క చూసుకునే రైతు పని దానిది. ఫేజులో ఎంత కరెంటు వెళ్ళిందో న్యూట్రల్లో అంతే వెనక్కి వస్తే, రెండింటి అయస్కాంత క్షేత్రాలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. రింగులో ఏమీ మిగలదు. మీరు చిన్న బల్బు వెలిగించినా, పది ఆంపియర్ల మోటారు తిప్పినా దానికి ఒకటే. ఒక్క ఐదు మిల్లీ ఆంపియర్లు మనిషి ఒంట్లోంచి తడినేలలోకి జారిపోయాయా, ఆ తేడా మేరకు క్షేత్రం మిగిలిపోతుంది. రింగు చుట్టూ చుట్టిన సన్నతీగ కాయిల్లో కాస్త వోల్టేజి పుడుతుంది, చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్ దాన్ని పెంచుతుంది, సోలినాయిడ్ టక్కున కొడుతుంది, రెండు తీగలూ తెగిపోతాయి. పెద్ద లీకేజీ అయితే సెకనులో నలభయ్యో వంతులో పని ముగుస్తుంది. ఇందులో ఎర్త్ తీగ ప్రమేయమే లేదు. అందుకే ఎర్త్ లేని పాత అమెరికన్ ఇళ్ళలో, "ఎర్త్ లేదు" అని చీటీ అంటించి ఈ సాకెట్ బిగించుకోవడానికి అక్కడి కోడ్ ఒప్పుకుంటుంది.

రింగును బోల్తా కొట్టించే దారి ఒకటుంది. సాకెట్ దాటాక న్యూట్రల్ ఎక్కడో తడిగోడకో, ఇనుప పెట్టెకో తగిలిందనుకోండి. అప్పుడు మనిషి ఒంట్లోంచి నేలలోకి దిగిన కరెంటులో కొంత ఆ తగిలిన చోట మళ్ళీ న్యూట్రల్లోకి ఎక్కి, రింగులోంచే బుద్ధిగా తిరిగొస్తుంది. తేడా తక్కువ కనిపిస్తుంది, ప్రమాదం మాత్రం తగ్గదు. దీనికి విరుగుడుగా రెండో రింగు పెట్టారు. అది న్యూట్రల్ మీదకు చిన్న సంకేతం పంపుతూ ఉంటుంది. మామూలుగా ఆ సంకేతం తిరగడానికి దారి ఉండదు. న్యూట్రల్ నేలకు తగిలిందంటే వలయం పూర్తయి, సంకేతం మొదటి రింగుకు చేరుతుంది. అది ఆంప్లిఫయర్లో పెరిగి మళ్ళీ రెండో రింగులోకి వెళుతుంది, అక్కణ్ణుంచి ఇంకా పెరిగి వస్తుంది. అంతవరకూ నిద్రపోతున్న సర్క్యూట్ ఆసిలేటరై డోలనం మొదలుపెట్టి తనంతట తానే ట్రిప్ అవుతుంది. ఏ పరికరమూ పెట్టకముందే, ఎవరికీ షాక్ కొట్టకముందే తప్పును పట్టేసే ఈ ఏర్పాటంటే నాకు మహా ఇష్టం. తరగతిలో దీనికి గంట సరిపోదు.

మరి ఐదే ఎందుకు? బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఛార్లెస్ డాల్జీల్ అనే ఎలక్ట్రికల్ ప్రొఫెసర్ ఉండేవారు. మనుషులకు కరెంటు ఎంత తగిలితే ఏమవుతుందన్నదే ఆయన జీవితమంతా పట్టుకున్న ప్రశ్న. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన 134 మంది మగవాళ్ళకు, 28 మంది ఆడవాళ్ళకు చేతికి ఎలక్ట్రోడ్ పట్టించి, కరెంటు మెల్లగా పెంచుతూ పోయారు. ఎక్కడ చెయ్యి వదల్లేకపోతారో అక్కడ లెక్క రాసుకున్నారు. పిడికిలి బిగించే కండరాలు తెరిచే కండరాల కన్నా బలమైనవి, అందుకే కరెంటు పట్టుకున్న చెయ్యి వదలదు. మగవాళ్ళ సగటు 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్ళది 10.5. సగటును నమ్మితే బలహీనులు పోతారు కదా! నూటికి 99.5 మంది వదలగలిగే అంకె చూస్తే మగవాళ్ళకు 9, ఆడవాళ్ళకు 6. అమెరికన్ ప్రమాణం నాలుగుకూ ఆరుకూ మధ్య ట్రిప్ కావాలన్నది ఈ అంకెలకు సరిగ్గా సరిపోతుంది. డాల్జీల్ తన జీఎఫ్‌సీఐని 1961లో తయారుచేశారు.

ఆయన కన్నా ముందే, 1955లో, దక్షిణాఫ్రికా బంగారు గనుల కార్మికులను కాపాడటానికి హెన్రీ రూబిన్ ఇలాంటి పరికరమే చేశారు. యూరప్ 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆగింది, మనమూ అదే బాట పట్టాం. 30 గుండెను కాపాడుతుంది, 5 చేతిని కూడా కాపాడుతుంది. ఇల్లు మొత్తానికీ ఒకే పరికరం పెట్టేటప్పుడు 30 సబబే. అన్ని తీగల సహజ లీకేజీ కలిస్తే ఐదు ఊరికే పడిపోతుంటుంది. తడిచోట ఉన్న ఒక్క సాకెట్ విషయానికొస్తే నా ఓటు డాల్జీల్‌కే.

తర్వాతి కథ గబగబా చెప్పేయొచ్చు. అమెరికా జాతీయ ఎలక్ట్రికల్ కోడ్ ఈ రక్షణను 1968లో ఈతకొలను దీపాలకు, 1973లో ఇంటి బయటి సాకెట్లకు, 1975లో స్నానాల గదికి అడిగింది. వంటింటి వంతు ఆ తర్వాతే. నేల తడిగా, కాలు ఒట్టిగా ఉండే చోటు ముందు రావడం న్యాయమే. ఇంటి ముందు ఒకటి, వెనక ఒకటి, నేల నుంచి ఆరున్నర అడుగుల లోపు సాకెట్ ఉండి తీరాలన్నది ఇంకో నియమం. లేకపోతే జనం కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ వైరు లాగుతారు. ప్లగ్ పెట్టి ఉన్నప్పుడూ మూసుకునే ఉబ్బెత్తు మూత కూడా కావాలి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో దీపావళికి బయట సీరియల్ సెట్లు వేలాడదీసే మనవాళ్ళకు వాన పడగానే సాకెట్ ట్రిప్ అయితే చిరాకే. జాయింట్లోకి నీళ్ళు దిగాయని అది చెబుతోంది, వినండి.

టెస్ట్ బటన్ ఉత్తుత్తిది కాదు. అది 15 వేల ఓముల రెసిస్టరు గుండా ఎనిమిది మిల్లీ ఆంపియర్లను రింగు పక్కనుంచి తప్పిస్తుంది, అంటే నిజం లీకేజీయే. మీ ఇంటి ఆర్‌సీసీబీ మీద కూడా "టీ" అని రాసిన బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కండి. మీట టక్కున కిందికి పడాలి. పడకపోతే రేపు మాపు అనకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మార్పించండి.