నవ్వితే పుస్తకం చేతులు మారాలి!



మన పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు. అదే తెలుగు పుస్తకం చేతికిచ్చి పైకి చదవమంటే రెండో వాక్యానికే గొంతు తగ్గిపోతుంది. ఒత్తు దగ్గర ఆగుతారు, పొడుగు మాట దగ్గర మన ముఖం చూస్తారు. ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలకు తెలుగు వారంలో కొన్ని పీరియడ్ల సబ్జెక్టు మాత్రమే. అందులో వాళ్లు చదివేది ఎక్కువగా పాఠమే. పాఠం అంటే ప్రశ్న, జవాబు, మార్కు. నవ్వుకోవడానికి తెలుగు చదివే సందర్భం వాళ్లకు దాదాపు లేదు.

అందుకే ఈ నెల ఒక ఆట గురించి చెబుతున్నాం. ఖర్చు లేదు, ట్యూషన్ అక్కరలేదు. ఒక పాత కథల పుస్తకం, నలుగురు మనుషులు, ఇరవై నిమిషాలు ఉంటే చాలు.

ఆట ఏమిటి?

అతిగా, వింతగా రాసిన ఒక పాత కథను తీసుకోండి. అందరూ చుట్టూ కూర్చోండి. ఒకరు పైకి చదువుతారు. ముఖం గంభీరంగా ఉండాలి. చదివేవాళ్లకు నవ్వొస్తే పుస్తకం పక్కవాళ్లకు ఇచ్చేయాలి. వినేవాళ్లు ఎంత నవ్వినా తప్పు లేదు. ఇంకో ముఖ్యమైన నియమం: అచ్చులో ఎలా ఉందో అలాగే చదవాలి. అచ్చుతప్పు ఉంటే తప్పుతోనే చదవాలి. నవ్వకుండా ఎక్కువసేపు చదివినవాళ్లే గెలిచినట్టు.

ఎక్కడిదీ ఆట?

ఐర్లండులోని లార్న్ అనే ఊళ్లో అమాండా మెకిట్రిక్ రాస్ అనే బడిపంతులమ్మ ఉండేవారు. భర్త ఆ ఊరి స్టేషన్ మాస్టరు. ఆమె రాసిన మొదటి నవలను ఆయన పెళ్లిరోజు కానుకగా 1897లో సొంత ఖర్చుతో అచ్చు వేయించారు. కన్నీళ్లు అనడానికి కూడా మూడు వరుసల అలంకారం వాడే శైలి ఆమెది. తర్వాతి కాలంలో ఆక్స్‌ఫర్డులో టోల్కీన్, సి.ఎస్. లూయిస్ వంటి రచయిత మిత్రులు 'ఇంక్లింగ్స్' పేరుతో కలుసుకునేవారు. నవ్వకుండా ఆమె పుస్తకాన్ని ఎవరు ఎక్కువసేపు చదవగలరో అని వాళ్లు పందెం వేసుకునేవారు. మీ పిల్లలు చూసిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్', 'నార్నియా' సినిమాలకు మూలకథలు రాసింది వీళ్లే.

అమెరికాలో సైన్స్ ఫిక్షన్ అభిమానుల సభల్లోనూ ఈ ఆట ఏళ్ల తరబడి నడిచింది. అక్కడ చదివే కథ పేరు 'ది ఐ ఆఫ్ ఆర్గాన్'. దాని వెనుక మనం తెలుసుకోవాల్సిన ఒక బాధ ఉంది. అది కాసేపటికి చెప్పుకుందాం.

మన చిత్తూరు సీమకు కలిసి కూర్చుని వినడం కొత్త కాదు. ఇక్కడి పల్లెల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర జరిగే భారత ఉత్సవాలు మీకు తెలిసినవే. రోజుల తరబడి పగలు హరికథ, రాత్రి వీధినాటకం, చివర్లో దుర్యోధన వధ. చదువు రాని అవ్వలు కూడా భారతమంతా చెప్పగలిగేది ఆ వినికిడి వల్లే. మధ్యమధ్య హాస్యం లేకపోతే తెల్లవార్లూ ఎవరు మేలుకుంటారు? వినడం, నవ్వడం రెండూ కలిస్తే కథ మనసులో నిలుస్తుందని మన పెద్దలకు ముందే తెలుసు.

తెలుగులో పుస్తకాలకు కొదవ లేదు

ఈ ఆటకు పనికొచ్చే పుస్తకాలు తెలుగులో కుప్పలుగా ఉన్నాయి. కొవ్వలి లక్ష్మీనరసింహారావు (1912–1975) వెయ్యి నవలలు రాసిన రచయితగా పేరు పొందారు. రైల్వే స్టేషన్లలో ఆయన పుస్తకాలు కొనుక్కుని, ఊరు చేరేలోగా చదివేసేవారు జనం. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు ఒక తరం మొత్తానికి ఇంటి మనుషుల్లాంటివారు. ఆ తర్వాత మధుబాబు 'షాడో' వచ్చాడు. అద్దె పుస్తకాల అంగళ్ల ముందు షాడో కోసం ఎదురుచూసిన కుర్రాళ్లు ఇప్పుడు తాతలయ్యారు. మీ ఇంట్లో తాతను అడిగి చూడండి, కళ్లు మెరుస్తాయి.

చిన్నపిల్లలకైతే 'చందమామ'. 1947 జులైలో మద్రాసు నుంచి నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పత్రిక అది. అందులో 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి మాంత్రికులు, రాక్షసులు, దీవులు, లోయలతో సీరియళ్లు నడిపినవారు దాసరి సుబ్రహ్మణ్యం. ప్రతి నెలా కథ సరిగ్గా ప్రాణం మీదికి వచ్చేచోట ఆగేది.

వీళ్లందరినీ తక్కువ చేయడానికి కాదు ఈ ఆట. వేగంగా రాసి, తక్కువ ధరకు అమ్మి, లక్షలమందికి చదివే అలవాటు చేసినవారు వీళ్లు. కాలం మారింది కాబట్టి కొన్ని చోట్ల నవ్వొస్తుంది, అంతే.

అసలు నవ్వు ఎందుకొస్తుంది?

ఆట కోసం మేమే ఒక వాక్యం తయారుచేశాం, చూడండి: "ఆమె కళ్లు రెండు పిస్తోళ్లలా పేలాయి, అతని చేతిలోని పిస్తోలు మాత్రం సిగ్గుతో తలదించుకుంది!" ఉపమానం ఒకటైతే బాగుంటుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తే పోలిక కాస్తా బొమ్మగా మారి కళ్ల ముందు నిలబడుతుంది. అక్కడ నవ్వొస్తుంది. 'ఎందుకు నవ్వావు?' అని పిల్లవాణ్ణి అడిగితే వాడు చెప్పే జవాబే అలంకారాల పాఠం.

రెండోది అచ్చుతప్పు. "భయంతో అతని గుండె దడదడలాడింది" అనాల్సిన చోట ఎత్వం పోయి కొమ్ము పడిందనుకోండి: "భయంతో అతని గుండు దడదడలాడింది." తిరుపతి పిల్లలకు దీన్ని విడమరిచి చెప్పాల్సిన పని లేదు! ఒక్క గుణింతం తేడాతో అర్థం ఎంత మారుతుందో పది డిక్టేషన్ల కంటే ఈ ఒక్క నవ్వు బాగా నేర్పుతుంది.

చదువుకు ఏం లాభం?

పైకి చదవడం అంటే అక్షరాలు పలకడం ఒక్కటే కాదు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఏ మాట నొక్కాలి, ప్రశ్నకు గొంతు ఎలా లేపాలి అన్నవి కూడా అందులో భాగమే. వాక్యం అర్థమైతేనే ఇవి కుదురుతాయి. తెలుగులో సంధులు, సమాసాలు కలిసి మాటలు పొడుగవుతాయి. ఆ మాటను కన్ను ముందే విడదీసుకోకపోతే నాలుక తడబడుతుంది. నవ్వు ఆపుకోవాలంటే పిల్లలు రాబోయే వాక్యాన్ని ముందుగానే చూసుకోవాలి. అలా కన్ను గొంతు కంటే నాలుగు మాటలు ముందుంటుంది. ధారాళంగా చదివేవాళ్లందరూ చేసే పని అదే.

ఇంకో మేలు కూడా ఉంది. ఈ ఆటలో అందరూ ఎక్కడో ఒకచోట ఓడిపోతారు, నాన్న కూడా. పెద్దవాళ్లు నవ్వాపుకోలేక పుస్తకం వదిలేయడం చూసిన బిడ్డకు తడబాటు అంటే భయం తగ్గుతుంది.

పదహారేళ్ల కుర్రాడి కథ

ఇప్పుడు ఆ బాధ గురించి. 'ది ఐ ఆఫ్ ఆర్గాన్' రాసినది జిమ్ థైస్. అప్పటికి అతనికి పదహారేళ్లు. మన పదో తరగతో, ఇంటరో చదివే పిల్లల వయసు. 1970లో ఒక అభిమానుల చిన్న పత్రికలో ఆ కథ అచ్చయింది. స్పెల్లింగులు తప్పు, వర్ణనలు అతి. ఆ వయసు పిల్లలు రాస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంది. దాని కాపీలు చేతులు మారి, దేశమంతా సభల్లో చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆ నవ్వినవాళ్లలో చాలామందికి రచయిత ఎవరో, ఏ వయసువాడో పట్టలేదు. 1984లో ఒక రేడియో కార్యక్రమంలో థైస్ మాట్లాడాడు. తన కథను వెక్కిరించడం తనను గాయపరిచిందని, ఇకపై ఏమీ రాయనని చెప్పాడు. 2002లో చనిపోయాడు.

అదే ఆట, అదే నవ్వు. డబ్బు తీసుకుని రాసిన పెద్ద రచయిత అయితే ఆ నవ్వును తట్టుకుంటాడు. మొదటిసారి కలం పట్టిన పిల్లవాడు తట్టుకోలేడు. కాబట్టి ఈ ఆటకు ఒక గీత ఉంది. మీ బిడ్డ నోటుబుక్కులో దాచుకున్న కవిత, తమ్ముడు రాసిన దెయ్యం కథ, తోటి విద్యార్థి ఫోనులో పెట్టిన కథ, ఇవేవీ ఈ ఆటలోకి రాకూడదు. చుట్టాలు వచ్చినప్పుడు 'మావాడు ఏం రాశాడో చూడండి' అని నవ్వుతూ చదివి వినిపించడం కూడా ఇదే కోవకు వస్తుంది. మనం అక్కడితో మరిచిపోతాం, బిడ్డ మరిచిపోడు.

ఇంట్లో పాటించాల్సినవి

1. ముందు మీరు చదవండి. పాత డిటెక్టివ్ నవలల్లో హత్యలు, సిగరెట్లు, ఆడవాళ్లను, వికలాంగులను చిన్నచూపు చూసే మాటలు ఉంటాయి. పనికిరాని పేజీలు పక్కన పెట్టండి. పెద్దపిల్లలైతే 'ఇప్పుడు ఇలా ఎందుకు రాయరు?' అని అడగండి.

2. కథను చూసి నవ్వాలి, చదివే బిడ్డను చూసి కాదు. తడబడితే ఆగి ఎదురుచూడండి. మధ్యలో మాట అందించకండి.

3. యాస మీద వెక్కిరింత వద్దు. 'యాడికి', 'ఏంది', 'పిలకాయలు' మన మాటలే. ఈ యాసలోనే నామిని సుబ్రమణ్యం నాయుడు మిట్టూరు కథలు రాసి తెలుగువాళ్లందరినీ నవ్వించారు, ఏడిపించారు.

4. చివర్లో ప్రతి ఒక్కరూ ఆ కథలో నచ్చిన ఒక్క విషయం చెప్పాలి. 'తర్వాత ఏమవుతుందో అనిపించింది' అన్నా చాలు. వెక్కిరింత అలవాటు కాకుండా కాపాడేది ఈ ఒక్క నియమమే.

5. ఇరవై నిమిషాలకు ఆపేయండి. పిల్లలు 'ఇంకొంచెం' అనేటప్పుడే ఆపితే రేపు వాళ్లే పుస్తకం తెస్తారు.

తరగతిని బట్టి

మూడు నుంచి ఐదు: చందమామ కథలు. పేజీ చాలు, బొమ్మ చూపిస్తూ చదవండి. ఆరు నుంచి ఎనిమిది: చందమామ సీరియళ్లు, మీరు ఎంచిన డిటెక్టివ్ పేజీలు. పాత్రలు పంచుకుని గొంతులు మార్చి చదవమనండి. తొమ్మిది, పది: ఒక అధ్యాయం చదివాక, నవ్వొచ్చిన వాక్యాన్ని బాగుచేసి రాయమనండి. పుస్తకాల కోసం మీ ఊరి శాఖా గ్రంథాలయం, పాత పుస్తకాల అంగడి, తాత ట్రంకుపెట్టె మూడూ వెతకండి.

చివరగా ఒక హోంవర్క్, మీకు కూడా!

అమెరికాలోని శాన్ హోసే విశ్వవిద్యాలయంలో స్కాట్ రైస్ అనే ఆచార్యుడు 1982లో ఒక పోటీ మొదలుపెట్టారు. రాయని నవలకు వీలైనంత చెత్త మొదటి వాక్యం అందులో రాయాల్సి ఉండేది. కావాలని తప్పుగా రాయడం! తప్పు రాస్తే మార్కు పోతుందన్న భయంలో పెరిగే పిల్లలకు ఇది పెద్ద ఊరట. చెత్తగా రాయాలన్నా బాగా రాయడం ఏమిటో తెలియాలి కదా.

ఈ ఆదివారం ఇంట్లో అందరూ తలా ఒక చెత్త వాక్యం తెలుగులో రాయండి. పేర్లు రాయకుండా మడిచి ఒక గిన్నెలో వేసి, కలిపి, పైకి చదవండి. మీ అందరికీ నచ్చిన వాక్యాన్ని బిడ్డ డైరీలో రాసి పంపండి. మీ వాక్యం మీ బిడ్డ వాక్యం కంటే చెత్తగా ఉంటే అభినందనలు. తెలుగు రాయడానికి వాడు ఇక భయపడడు.