ముక్క పరీక్షలో ‘పాజిటివ్’: భయమా, భరోసాయా?



కొన్నేళ్ళ క్రిందట మెడ కుడివైపున బిళ్ళ వంటి వాపుతో ఒక పెద్దాయన మా ఆస్పత్రికి వచ్చారు. నొప్పి లేదు, జ్వరం లేదు. పరీక్షించగా కుడి టాన్సిల్‌లో క్యాన్సరు ఉన్నట్లు, అది మెడలోని లింఫు గ్రంథికి ప్రాకినట్లు తేలింది. నేను పాథాలజీ వైద్యుడను. శరీరం నుండి తీసిన ముక్కను సూక్ష్మదర్శిని క్రింద పరిశీలించి వ్యాధిని నిర్ధారించడం నా వృత్తి. నివేదిక కోసం వచ్చిన ఆయనతో, పని తొందరలో, “పి16 పాజిటివ్ వచ్చిందండి, డాక్టరు గారికి చూపించండి” అని మాత్రమే అన్నాను.

ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకొని ఊరికి వెళ్ళిపోయారు. నాలుగు నెలల తరువాత కోడలు వెంటబెట్టుకొని తీసుకువచ్చేసరికి వాపు నిమ్మకాయంత అయింది. “పాజిటివ్ అన్నారు కదా డాక్టరు బాబూ, ఇక ఆశ లేదనుకున్నాను. ఉన్న నాలుగు రూపాయలు మనుమరాలి చదువుకైనా మిగులుతాయని ఊరుకున్నాను” అన్నారు.

నిజానికి ఆ ‘పాజిటివ్’ ఆయనకు శుభవార్త. ఆ సంగతి నేను చెప్పలేదు. అటువంటి పొరపాటు మరొకరి ఇంట జరుగకూడదని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

వ్యాధి ఒకటే, మూలాలు రెండు

నోరు, నాలుక, బుగ్గ, చిగుళ్ళు, అంగిలి, గొంతు, స్వరపేటిక మొదలైన చోట్ల లోపలి పొరలో పుట్టే క్యాన్సర్లను తల, మెడ క్యాన్సర్లు అంటారు. మన దేశపు పురుషులలో అత్యధికంగా కనిపించే క్యాన్సరు నోటిదే. పొగాకు, వక్క, మద్యం దీనికి ముఖ్య కారణాలు. ఉత్తరాంధ్ర తీరగ్రామాలలో చుట్టను నిప్పున్న వైపు నోటిలో ఉంచుకొని కాల్చే ‘అడ్డపొగ’ అలవాటు, ముఖ్యంగా స్త్రీలలో, ఉండేది. అక్కడ అంగిలి క్యాన్సర్లు ఎక్కువగా కనిపించడానికి ఈ అలవాటే కారణమని వైద్యులు గుర్తించారు.

రెండవ మూలం హెచ్‌పీవీ అనే వైరస్. స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు కలిగించేది కూడా ఇదే. గొంతులో ఇది ప్రధానంగా టాన్సిళ్ళలోను, నాలుక మొదలులోను వ్యాధిని కలిగిస్తుంది. అమెరికా, ఐరోపా దేశాలలో ఈ రకం ఎక్కువ. మన వద్ద పొగాకు వల్ల వచ్చేవే అధికం.

ముక్క చెప్పే కబురు

మన కణాలలో టీపీ53 అనే జన్యువు కావలివాని వంటిది. కణం దెబ్బతిన్నప్పుడు దాని విభజనను ఆపుతుంది. బాగుచేయ వీలులేని కణాన్ని నశింపజేస్తుంది. పొగాకులోని విషపదార్థాలు ఈ జన్యువునే చెరుపుతాయి. 2015లో వెలువడిన ఒక పెద్ద జన్యు పరిశోధనలో 279 కణితులను పరీక్షించగా, వైరస్ లేని వాటిలో 84 శాతం కణితులలో ఈ జన్యువు చెడిపోయి ఉన్నది. ఇది చెడిన రోగులలో, అందునా తీవ్రంగా చెడిన వారిలో, ఆయుర్దాయం తక్కువగా ఉన్నట్లు అంతకుముందే 2007 నాటి మరొక అధ్యయనం చూపింది.

వైరస్ వల్ల వచ్చే క్యాన్సరులో కథ వేరు. అక్కడ జన్యువు సాధారణంగా చెడదు. ఆ జన్యువు తయారుచేసే కావలి ప్రొటీనును వైరస్ నాశనం చేస్తుంది. ఆర్‌బీ అనే మరొక అదుపు ప్రొటీనును కూడా పనిచేయనీయదు. అదుపు తప్పిన కణం విభజనను ఆపబోయి పి16 అనే ప్రొటీనును విస్తారంగా తయారుచేసుకొంటుంది. ముక్కకు తగిన రంగు వేస్తే ఆ ప్రొటీను గోధుమ వర్ణంలో కనబడుతుంది. నూటికి 70 లేదా అంతకు మించిన కణాలు చిక్కగా రంగు పట్టినప్పుడు మేము ‘పి16 పాజిటివ్’ అని వ్రాస్తాము. గొంతు క్యాన్సరులో దాని అర్థం, వైరసే మూలమై ఉండవచ్చునని.

2010లో ప్రచురితమైన అమెరికా అధ్యయనం ప్రకారం, ముదిరిన గొంతు క్యాన్సరుకు రేడియేషను, కీమోథెరపీ కలిపి పొందినవారిలో వైరస్ ఉన్నవారు మూడేళ్ళ తరువాత నూటికి 82 మంది జీవించి ఉండగా, వైరస్ లేనివారు 57 మందే జీవించి ఉన్నారు. ఈ తేడా ఎంత ముఖ్యమైనదంటే, 2018 నుండి అమలులోకి వచ్చిన అంతర్జాతీయ పద్ధతిలో ఈ రెండు రకాల గొంతు క్యాన్సర్లకు దశలను వేరువేరుగా లెక్కిస్తున్నారు. అయితే వైరస్ ఉన్నవారిలోను, ఎక్కువకాలం పొగ త్రాగినవారికి ఆ మేలు తగ్గిపోయింది.

ఈ కబురుకు గల హద్దులు

మొదటిది: పి16 ఇచ్చే ఈ భరోసా గొంతు భాగానికే. బుగ్గ, నాలుక ముందుభాగం, చిగుళ్ళ క్యాన్సరులో అదే మాట ఉన్నా ఆ అర్థం చెప్పుకోరాదు.

రెండవది: మంచి సూచిక వచ్చినదని చికిత్సను మనంతట మనం తగ్గించుకోరాదు. దుష్ఫలితాలు తగ్గుతాయన్న ఆశతో, వైరస్ రకం గొంతు క్యాన్సరు రోగులకు సిస్‌ప్లాటిన్ బదులు సెటుక్సిమాబ్ అనే మందు ఇచ్చి చూశారు. 2018లో వెలువడిన రెండు పెద్ద పరిశోధనలలోను పాత మందే ఎక్కువమందిని బ్రతికించింది.

మూడవది: మన వద్ద ఎక్కువగా ఉన్న నోటి క్యాన్సరు గతిని నేటికీ బాగా చెప్పేవి కణితి పరిమాణం, అది లోపలికి దిగిన లోతు, మెడ గ్రంథులకు ప్రాకినదా, కోసిన అంచులలో వ్యాధి మిగిలినదా అన్న విషయాలే. తొలిదశ నోటి క్యాన్సరులో, మెడ గ్రంథులను ముందుగానే తొలగించిన వారిలో మూడేళ్ళకు 80 శాతం, వాపు కనబడిన తరువాత తొలగించిన వారిలో 67.5 శాతం జీవించి ఉన్నట్లు ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు 2015లో నిరూపించారు. ఇందుకు ఖరీదైన జన్యు పరీక్ష ఏదీ అవసరం కాలేదు.

వ్యాధి తిరగబెట్టినప్పుడు మాత్రం పీడీ-ఎల్1 అనే సూచిక పనికివస్తుంది. రోగనిరోధక శక్తిని మేల్కొలిపే మందులు ఎవరికి ఎక్కువ మేలు చేయగలవో అది కొంతవరకు తెలుపుతుంది. ఆ మందులు లక్షలలో ఉంటాయి. మామూలు మోతాదులో పదవ వంతుకన్న తక్కువగా, 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ ఇచ్చినా ప్రయోజనం ఉన్నదని 2022లో టాటా మెమోరియల్ వైద్యులే చూపడం పేద రోగులకు ఊరట.

కుటుంబ సభ్యులకు, దాతలకు మనవి

ఏ పరీక్ష వ్రాసినా, “ఈ ఫలితం వస్తే చికిత్సలో ఏది మారుతుందండి?” అని వైద్యుని అడగండి. ఆ ప్రశ్న అడిగే హక్కు మీకున్నది. ఏదీ మారదని చెబితే ఆ ధనాన్ని చికిత్సకే ఉంచుకోండి. రోగులకు సహాయపడగోరే దాతలు, రేడియేషను సాగే ఆరేడు వారాలు బస, భోజనం, రాకపోకల ఖర్చు భరించినా అది గొప్ప ఉపకారమే. చేతిలో పైసలు లేక చికిత్సను మధ్యలో ఆపివేసి వెళ్ళిపోయినవారిని నేను చూశాను.

మూడు వారాలలో మానని నోటి పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ, తగ్గని బొంగురు గొంతు, నొప్పిలేని మెడ వాపు కనబడితే ఆలస్యం చేయకండి. కాశీకి వెళ్ళినవారు ఇష్టమైన కాయనో కూరనో విడిచివస్తారు కదా. పొగాకు అలవాటున్నవారు ఈ యాత్రలో దానిని విడిచిపెట్టండి.

ఆ పెద్దాయన నేటికీ జీవించి ఉన్నారు. ఏడు వారాల చికిత్స పూర్తిచేశారు. కాని పెరిగిన గ్రంథి పూర్తిగా కరగక మెడకు శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. ఆనాటి నుండి కుడిభుజం పైకి లేవదు. దేవుని ఎదుట రెండు చేతులూ తలపైకెత్తి నమస్కరించలేరు. ముందే వచ్చి ఉంటే బహుశా ఆ కోత తప్పేది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఇప్పుడు నివేదిక తీసుకోవడానికి వచ్చిన ప్రతివారినీ కూర్చోబెట్టి, అందులోని ప్రతి మాటకూ అర్థం చెప్పి గాని పంపను.