తలకైతే సరే, తాళింపుకైతే లెక్క చూడాలి

డిసెంబరు చలి మొదలైతే హైదరాబాద్ అడిక్‌మెట్ ఇళ్లలో కొబ్బరినూనె సీసా గడ్డకడుతుంది. కొందరు దాన్ని ఎండలో పెడతారు, కొందరు వేడినీళ్ల చెంబులో దించుతారు, ఆగలేనివాళ్లు చెంచా కాడతో గోకి తలకు పట్టిస్తారు. ఉష్ణోగ్రత 24 డిగ్రీల లోపుకు దిగితే చాలు, ఈ నూనె పేరుకుంటుంది. వంటింట్లో పల్లినూనె డబ్బాకు మాత్రం ఏమీ కాదు. కొబ్బరినూనెలో దాదాపు 90 శాతం సంతృప్త కొవ్వే కావడం ఇందుకు కారణం. అందులోనూ సగానికి దగ్గరగా ఉండేది లారిక్ ఆమ్లం. దాని అణువులు చిన్నవి, వంకర లేనివి. చల్లబడగానే ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా సర్దుకుంటాయి.

కొబ్బరినూనె మంచిదా, చెడ్డదా అన్న తగువంతా ఈ అణువు దగ్గరే ఉంది.

ముందు జుట్టు సంగతి. 2003లో ముంబై పరిశోధకులు కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ వెంట్రుకలకు రాసి పరీక్షించారు. తలంటినప్పుడు, దువ్వినప్పుడు వెంట్రుక నుంచి కొంత ప్రోటీన్ పోతూ ఉంటుంది. ఆ నష్టాన్ని చెప్పుకోదగ్గట్టు తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. సన్నని, తిన్నని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి దూరగలగడమే కారణమని వాళ్లు తేల్చారు. ఆ పరిశోధకులు కొబ్బరినూనె అమ్మే మారికో సంస్థవాళ్లే కాబట్టి కాస్త అనుమానంతో చదవడంలో తప్పులేదు. అయినా వాళ్లు చెప్పిన కారణం రసాయనశాస్త్రానికి సరిపోతుంది. అంటే తలంటుకు ముందు నూనె పెట్టే అమ్మమ్మల పద్ధతిలో పస ఉంది. బట్టతల మీద జుట్టు మొలిపించడం మాత్రం ఈ నూనెకు చేతకాదు.

చిక్కడపల్లి కిరాణా కొట్లో ఈ సీసా షాంపూల పక్కనే కనిపిస్తుంది. సీసా మీద మాత్రం తినదగిన నూనె అనే రాసి ఉంటుంది. చిన్న సీసాల్లో అమ్మేది తిండినూనా, తలనూనా అన్న పన్ను తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దాన్ని తిండినూనెగా లెక్కించవచ్చని 2024 డిసెంబరులో తీర్పు వచ్చింది. తీర్పు ఎలా ఉన్నా, మన వంటింట్లోకి ఈ నూనె పెద్దగా రాలేదు. అంబాజీపేట మార్కెట్ నుంచి లారీల కొద్దీ కొబ్బరి పంపే కోనసీమలో కూడా కూర తాళింపుకు కొబ్బరినూనె వాడే ఇళ్లు తక్కువే. మనవాళ్లకు పల్లి, నువ్వు నూనెలే అలవాటు.

కొన్నేళ్లుగా కొత్త అలవాటొకటి మొదలైంది. విర్జిన్ కొబ్బరినూనె పరగడుపున ఒక చెంచా, కాఫీలో ఇంకో చెంచా. బరువు తగ్గుతుందనీ, గుండెకు మంచిదనీ ప్రచారం. లెక్క చూడండి. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే సంతృప్త కొవ్వు హద్దు దాదాపు 22 గ్రాములు. ఒక పెద్ద చెంచా కొబ్బరినూనెలోనే అది 11, 12 గ్రాములు ఉంటుంది. రెండు చెంచాలతో ఆ రోజు వాటా అయిపోతుంది. పాలు, పెరుగు, నెయ్యి ఇంకా లెక్కలోకే రాలేదు!

సంతృప్త కొవ్వు ఎక్కువైతే రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను లాగేసుకునే కాలేయపు శక్తి తగ్గుతుంది. 2020లో ‘సర్క్యులేషన్’ పత్రిక 16 పరీక్షల ఫలితాలను కలిపి విశ్లేషించిన వ్యాసం ప్రచురించింది. పొద్దుతిరుగుడు వంటి నూనెలతో పోలిస్తే కొబ్బరినూనె చెడు కొలెస్ట్రాల్‌ను డెసిలీటరుకు సుమారు 10 మిల్లీగ్రాములు పెంచిందని తేలింది. మంచి కొలెస్ట్రాల్ కూడా పెరిగింది గానీ, 4 మిల్లీగ్రాములే. వెన్నతో పోలిస్తే కొబ్బరినూనె నయమని 2018లో ఇంగ్లండ్‌లో చేసిన ఒక పరీక్ష చెప్పింది. అదేమంత గొప్ప కితాబు కాదు.

మరి బరువు తగ్గే మాట ఎక్కడిది? బరువు మీద చేసిన పరీక్షల్లో చాలావరకు ప్రత్యేకంగా తయారుచేసిన ఎంసీటీ (మీడియం చెయిన్ ట్రైగ్లిజరైడ్) నూనెతో జరిగాయి. అందులో ఉండేవి లారిక్ కన్నా పొట్టి ఆమ్లాలు. అవి నేరుగా కాలేయానికి చేరి త్వరగా ఖర్చవుతాయి. లారిక్ ఆమ్లంలో ఎక్కువ భాగం మాత్రం మామూలు కొవ్వుల దారినే పోతుంది. ఆ నూనె ఫలితాలను ఈ నూనె సీసాకు అంటించి అమ్ముతున్నారు.

అడిక్‌మెట్ ఫ్లైఓవర్ దాటి ఉస్మానియా క్యాంపస్ మీదుగా వెళ్తే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. వంటకు ఒకే నూనెను పట్టుకు కూర్చోకుండా రకాలు మార్చి, మితంగా వాడుకోమన్నది ఈ సంస్థ సలహా.

కొబ్బరి ముక్క కథ వేరు. పచ్చికొబ్బరిలోనూ మూడో వంతుకు తగ్గకుండా కొవ్వు ఉంటుంది. కానీ దాంతోపాటు పీచు, మాంగనీసు, రాగి వస్తాయి, పైగా కడుపు త్వరగా నిండుతుంది. గుళ్లో కొట్టిన చిప్పతో ఇంటిల్లిపాదికీ పచ్చడి చేస్తే తలా ఒకటి రెండు చెంచాలే వస్తుంది. బగారా బైంగన్‌లో నువ్వులు, పల్లీలతో కలిపి నూరే కుడుక కూడా అంతే. అదే కుడుకను బెల్లంతో కొరుక్కుంటూ కూర్చుంటే లెక్క తప్పుతుంది. నీరు పోయి కొవ్వు చిక్కబడటంతో వంద గ్రాముల్లో 60 గ్రాములకు పైగా అదే ఉంటుంది.

ఇక బోండాం. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి రోగిని చూడబోయేవాళ్లకు ముందు గుర్తొచ్చేది అదే. నీళ్లు, కొద్దిగా చక్కెర, దండిగా పొటాషియం ఉంటాయి, కొవ్వు దాదాపు లేదు. జ్వరంలో ఒంటికి నీరు అందించడానికి బాగా పనికొస్తుంది, డెంగీలో ప్లేట్‌లెట్లను పెంచుతుందన్న దానికి మాత్రం ఆధారం లేదు. విరేచనాలు ఎక్కువైతే ఓఆర్‌ఎస్ పొట్లమే కలపాలి, ఎందుకంటే బోండాం నీళ్లలో సోడియం తక్కువ. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు, డయాలసిస్‌లో ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా తాగకూడదు. పెద్ద బోండాం ఒకటి తాగితే అరటిపండు కన్నా ఎక్కువ పొటాషియం ఒంట్లో చేరుతుంది. దాన్ని బయటికి పంపలేని కిడ్నీలుంటే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.