ట్రైపాడ్ మీది కెమెరా: వెల పెట్టవలసింది దేనికి?

కెమెరా దుకాణాలలో ప్రతి కొత్త మోడల్‌కూ చెప్పే గొప్పలలో అధికభాగం, కెమెరాను చేత పట్టుకుని కదిలే వస్తువును వెంటాడుతూ తీసే ఫొటోలకు సంబంధించినవే. సెకనుకు ఇన్ని ఫొటోలనీ, చీకట్లోనూ పనిచేసే ఐఎస్‌ఓ అనీ, పక్షి కంటిని పట్టుకునే ఆటోఫోకస్ అనీ చెప్పే ఈ సుగుణాలకు, ట్రైపాడ్ మీద కెమెరాను నిలిపి, అదుపులో ఉన్న లైట్ల వెలుగులో పరచిన చీరనో పీట మీది నగనో ఫొటో తీసేచోట దాదాపు పనే ఉండదు. అక్కడ కావలసినవి సూక్ష్మమైన వివరం, నమ్మదగిన రంగు, మెరుపునూ నీడనూ ఒకే చిత్రంలో ఇముడ్చుకోగల శక్తి.

పిక్సెల్ అంటే సెన్సర్ మీద వెలుతురును కొలిచే అతిచిన్న గడి; అటువంటి పది లక్షల గడులు ఒక మెగాపిక్సెల్. 24 మెగాపిక్సెళ్ల సాధారణ కెమెరా ఫొటో వెడల్పు 6000 పిక్సెళ్లు కాగా, 2019లో వచ్చిన 61 మెగాపిక్సెళ్ల సోనీ ఏ7ఆర్-4 ఫొటో వెడల్పు 9504 పిక్సెళ్లు. అంటే గడుల సంఖ్య రెండున్నర రెట్లు పెరిగినా వెడల్పు పెరిగింది 1.6 రెట్లు మాత్రమే. నాణ్యమైన ముద్రణకు వాడుకలో ఉన్న కొలత ప్రకారం అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చువేస్తే, మొదటిది 20 అంగుళాల వెడల్పుకు, రెండవది సుమారు 32 అంగుళాల వెడల్పుకు సరిపోతుంది. ఫొటోలన్నీ చివరికి వాట్సాప్‌లో కొనుగోలుదారు ఫోనుకు చేరేవే అయితే 61 మెగాపిక్సెళ్లకు డబ్బు పోయడం వృథా.

అయితే నేత వస్త్రాల సంగతి వేరు. సెన్సర్ మీది ఒక్కొక్క గడి ఒక్క రంగునే కొలుస్తుంది. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ రూపొందించగా 1976లో పేటెంటు పొందిన అమరిక ప్రకారం, ప్రతి నాలుగు గడులలో రెండు ఆకుపచ్చకు, ఒకటి ఎరుపుకు, ఒకటి నీలానికి కేటాయించి, మిగిలిన రంగులను పక్క గడులను బట్టి కెమెరా ఊహించి నింపుతుంది. అందువల్ల ముదురు ఎరుపు పట్టుచీరలోని వివరాన్ని పట్టే భారం ఎక్కువగా నాలుగింట ఒక వంతు గడుల మీదనే పడుతుంది. పైగా పడుగు పేకల వరుసలు సెన్సర్ గడుల వరుసలతో దాదాపు సరితూగినప్పుడు, చీరలో లేని అలల చారలు, ఇంద్రధనుస్సు మరకలు ఫొటోలో తేలుతాయి. దీనినే మోయిరే అంటారు. చిత్రాన్ని లేశమాత్రం మసకపరచి ఈ దోషాన్ని తగ్గించే పలుచని ఫిల్టర్‌ను ఒకప్పుడు చాలా కెమెరాలలో అమర్చేవారు. 2015లో క్యానన్ సంస్థ 50 మెగాపిక్సెళ్ల కెమెరాను ఆ ఫిల్టర్ పనిచేసే 5డీఎస్ గానూ, దాని ప్రభావాన్ని రద్దుచేసిన 5డీఎస్ ఆర్ గానూ రెండు రూపాలలో విడుదల చేసింది. పదును ఎక్కువన్న పేరు రెండవదానిదే అయినా, ఉప్పాడ, గద్వాల చీరల వంటి సన్నని నేతను రోజూ ఫొటో తీసేవారికి మొదటిదే మేలు.

ఈ దోషానికి ఇంకొక విరుగుడు పిక్సెల్ షిఫ్ట్. కెమెరా తన సెన్సర్‌ను ఒక్కొక్క గడి మేరకు జరుపుతూ నాలుగు ఫొటోలు తీయగా, ప్రతి బిందువూ మూడు రంగులలోనూ నేరుగా నమోదవుతుంది; ఊహించి నింపే పని ఉండదు. కానీ నాలుగు ఫొటోల మధ్య ఏదీ కదలరాదు. పైన ఫ్యాను తిరుగుతుండగా చీర కొంగు వెంట్రుకవాసి ఊగినా అంచు వెంబడి రంపపు పళ్ల వంటి గీతలు పడతాయి కనుక, ఎండాకాలమైనా సరే ఫ్యాను ఆపవలసిందే.

జరీ మరొక పరీక్ష. బంగారు పోగు మీద పడిన లైటు తెల్లని మచ్చగా మాడిపోకుండా, పక్కనే ఉన్న ముదురాకుపచ్చ పట్టు నల్లని ముద్దగా మారకుండా రెండింటినీ పట్టగల పరిధిని డైనమిక్ రేంజ్ అంటారు. సాధారణంగా ఇది కెమెరా సహజ ఐఎస్‌ఓ వద్ద, అంటే సెన్సర్ సంకేతాన్ని పెద్దగా పెంచని స్థాయిలో, అత్యధికంగా ఉంటుంది; 2017లో వచ్చిన 45.7 మెగాపిక్సెళ్ల నికాన్ డి850లో అది 64. స్టూడియోలో వెలుతురుకు కొరత లేదు కనుక ఎల్లప్పుడూ ఆ అంకె వద్దనే పనిచేయవచ్చు.

సెన్సర్ ఎంత గొప్పదైనా లెన్స్ ఇచ్చినంతే పుచ్చుకుంటుంది. లెన్స్ రంధ్రాన్ని బాగా ముడిస్తే కాంతి అంచుల వద్ద వంగి, ప్రతి బిందువూ చిన్న వలయంగా వ్యాపిస్తుంది. రంధ్రం బాగా ముడుచుకునే ఎఫ్ 16 వద్ద ఆ వలయం వ్యాసం సుమారు 21 మైక్రాన్లు కాగా, సోనీ ఏ7ఆర్-4 గడి వెడల్పు 3.76 మైక్రాన్లే. కాసులపేరు మొత్తం స్పష్టంగా పడాలని ఎఫ్ 16కు వెళ్లిన ఫొటోగ్రాఫర్, తాను వెల పెట్టి కొన్న మెగాపిక్సెళ్లను తానే పోగొట్టుకుంటాడు. దానికి బదులు ఎఫ్ 8 వద్ద ఉండి, ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ అనేక ఫొటోలు తీసి కంప్యూటర్‌లో కలపడం ఉత్తమం. డి850 ఆ జరుపుడు పనిని తానే చేస్తుంది.

ఇంకా పెద్ద సెన్సర్ ఉండే మీడియం ఫార్మాట్ కెమెరాల విషయానికి వస్తే, 2021లో వచ్చిన 102 మెగాపిక్సెళ్ల ఫ్యూజీఫిల్మ్ జీఎఫ్ఎక్స్100ఎస్ గడి వెడల్పు కూడా 3.76 మైక్రాన్లే; పెరిగింది సెన్సర్ వైశాల్యం, దాదాపు 1.7 రెట్లు. గోడ నిండే ప్రింట్లు, చిత్రపటాల నకళ్లు తీసేవారికి తప్ప తక్కినవారికి ఆ ఖర్చు అవసరం లేదు. 61 మెగాపిక్సెళ్ల కెమెరాలో కుదించకుండా భద్రపరచిన ఒక్కొక్క రా ఫైలు 120 ఎంబీ వరకు ఉంటుంది కనుక, కంప్యూటర్, హార్డ్ డిస్కుల ఖర్చునూ ముందే లెక్కలో వేసుకోవాలి.

ఇవన్నీ చూస్తే, కొన్నేళ్లు వాడిన డి850 వంటి బాడీని సెకండ్ హ్యాండ్‌లో కొని, మిగిలిన సొమ్మును మంచి మాక్రో లెన్స్‌కు, ఊగని బరువైన ట్రైపాడ్‌కు పెట్టడమే తెలివైన పని. కొనేముందు సొంత మెమొరీ కార్డుతో వెళ్లి, ఒక జరీ అంచును ఎఫ్ 8 వద్ద ఫొటో తీసి, ఇంటి కంప్యూటర్‌లో నూరు శాతం పరిమాణంలో చూసుకున్న తరువాతే బేరం మాట్లాడాలి.