గోదారి మీద నాలుగు వంతెనలు

నర్సీపట్నం రోడ్ స్టేషనులో బెజవాడ బండి ఎక్కామంటే, గోదావరి దాటేదాకా మా మామ్మ కునుకు తీసేది కాదు. రాజమండ్రి రాగానే నన్ను కిటికీ దగ్గరనుంచి లేపి తాను కూర్చునేది. కొంగు ముడి విప్పి చిల్లర చేతిలోకి తీసుకునేది. బండి చప్పుడు మారి, ధణధణమంటూ ఇనుప కమ్ముల మధ్యకు ప్రవేశించగానే, "గోదారమ్మా, చల్లగా చూడు తల్లీ" అని డబ్బులు విసిరేది. ఒక్కోసారి కాసు కమ్మికి తగిలి కణంగుమనేది. "అది వంతెనకు ముట్టింది లెండి" అని పెట్టెలోవాళ్ళు నవ్వేవారు. "ముట్టనీయండి, దానికీ బాకీయే గదా మనం" అనేది మామ్మ.

ఆ వంతెన పేరు హేవలాక్ వంతెన. అప్పటి మద్రాసు గవర్నరు పేరు దానికి పెట్టారు. 1897లో పని మొదలై, 1900 ఆగస్టులో దానిమీద రైలు నడిచింది. అంతకు ముందు మద్రాసు, కలకత్తాల మధ్య రైలుదారిని గోదావరి రెండు ముక్కలు చేసి కూర్చుంది. ప్రయాణికులు ఈ గట్టున దిగి, సామాన్లతో, పిల్లలతో పడవ ఎక్కి, ఆ గట్టున మళ్ళీ రైలు పట్టుకోవలసి వచ్చేది. నది పొంగినప్పుడు వాళ్ళ అవస్థ ఊహించుకోండి!

ఈ వంతెన కట్టించిన ఇంజనీరు వాల్టన్. అంతకు ముందు కాశీలో గంగమీద కట్టిన వంతెన పనిలో ఆరితేరినవాడు. గోదావరిలో ఆయన 56 ఖానాలు వేశాడు. ఒక్కొక్కటి 150 అడుగులు. మొత్తం పొడవు సుమారు రెండూ ముప్పాతిక కిలోమీటర్లు. రాతి స్తంభాలమీద ఉక్కు దూలాలు.

అంత ఇసుకలో స్తంభం ఎలా నిలబడుతుందని మీకు సందేహం రావచ్చు. మన పల్లెల్లో వరలు దింపి నుయ్యి తవ్వటం చూసినవారికి ఈ కిటుకు సులువుగా బోధపడుతుంది. పదునైన అంచుగల చట్రం ఇసుకమీద వుంచి, దానిపై గుండ్రంగా గోడ కడతారు. లోపలి ఇసుకను తోడుతూ వుంటే గోడ తన బరువుకు తానే కిందికి దిగుతుంది. దిగినకొద్దీ పైన కడుతూ పోతారు. గట్టినేల తగిలాక అడుగున కాంక్రీటు పోసి, ఆ నూతిమీద స్తంభం లేపుతారు. మనం నీళ్ళకోసం నుయ్యి తవ్వితే, వాళ్ళు నీళ్ళను దాటడానికి తవ్వుతారన్నమాట!

ప్రపంచంలో వంతెనలు వేలకు వేలున్నా, జాతులు మాత్రం కొద్దే. కాలవకు అడ్డంగా వేసిన తాటిదుంగ ఒక జాతి. బరువంతా రెండు చివరలా మోస్తుంది. హేవలాక్ వంతెన ఆ దుంగకు మనుమరాలే. విల్లులా వంగిన కమాను రెండోది. బరువును పక్కలకు నెట్టి గట్లమీద మోపుతుంది. 1932లో పూర్తయిన సిడ్నీ వంతెన ఈ కోవదే. బట్టలు ఆరేసే దండెంలాంటిది మూడోది. రెండు గోపురాలమీదుగా ఇనుప తాళ్ళు లాగి, వాటికి దారిని వేలాడదీస్తారు. 1937 నాటి శాన్ ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ వంతెనలో గోపురాల మధ్య దూరమే 1280 మీటర్లు. చాచిన చేతులమీద బరువు నిలిపేది నాలుగోది. 1943లో తెరిచిన కలకత్తా హౌరా వంతెన అలాంటిది. హుగ్లీ నదిలో ఓడలు తిరగాలి గనుక నీళ్ళలో స్తంభం లేకుండానే కట్టారు.

మరి గోదావరికి గోల్డెన్ గేట్‌లాంటిది ఎందుకు కట్టలేదు? అవసరం లేదు గనుక. అక్కడ లోతైన సముద్రపు పాయ, పెద్ద ఓడలు. ఇక్కడ విశాలమైన ఇసుక పాన్పు. వేసవిలో నది సన్నబడి, నూతులు దింపడానికి చోటిస్తుంది. నది తత్వం ఎరిగి కట్టినదే వంతెన. గాలి తత్వం సరిగా ఎరగక అమెరికాలో టకోమా వంతెన కట్టారు. 1940 జూలైలో తెరిచారు. నవంబరు 7న, తుఫానైనా కాని గాలికి అది ఉయ్యాలలా ఊగి, మెలితిరిగి, నీళ్ళపాలయింది. మనుషులు తప్పించుకున్నారు గాని, కారులో చిక్కిన కుక్క ఒకటి పోయింది. ఆ తరవాత వేలాడే వంతెనకు గాలి పరీక్ష తప్పనిసరి అయింది.

హేవలాక్‌కు తోడుగా 1974లో రెండో వంతెన వచ్చింది. కింద రైలు, పైన రోడ్డు. మూడోది 1997లో పూర్తయింది. 28 కాంక్రీటు విల్లులు వరసగా నిలబెట్టినట్టుంటుంది. రాజమండ్రి అనగానే ఇప్పుడు బొమ్మల్లో కనబడేది ఇదే. 2015లో నాలుగోది, రోడ్డు వంతెన, తోడయింది. మూడోది రాగానే పెద్దమ్మకు విశ్రాంతి ఇచ్చారు. 97 ఏళ్ళు బరువు మోసిన స్తంభాలు ఇంకా ప్రవాహంలో నిలబడే వున్నాయి. దాన్ని విహారస్థలంగా మలచాలన్న మాట ఎన్నాళ్ళనుంచో వినబడుతోంది. హైదరాబాదులో 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన పురానాపూల్ 22 కమానులతో, 1908 మూసీ వరదను కూడా చూసి, నేటికీ నిలిచి వుంది. పాతదాన్ని కాపాడుకోవటం మనకు చేతకాని పని కాదు.

ఇంతకూ మామ్మ బాకీ సంగతి చెప్పలేదు. కోటవురట్లలో నా చిన్నతనంలో ఒక వానాకాలం, మా మేనత్తకు నొప్పులు వచ్చాయి. ఎడ్లబండిలో నర్సీపట్నం ఆసుపత్రికి బయలుదేరితే, దారిలో గెడ్డ పొంగింది. పట్టుమని ముప్ఫై గజాల వెడల్పు లేదు. రాత్రంతా ఈ గట్టునే ఆగాము. కోడి కూసే వేళకు బండిలోనే ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా దక్కారు. కాని ఆ రాత్రి మా తాతయ్య ఒక్క మాటా లేకుండా ఆ నీళ్ళకేసి చూస్తూ నిలబడటం నేను మరవలేదు.

కొన్నేళ్ళకు ఆ గెడ్డమీద మూడు ఖానాల చిన్న వంతెన వేశారు. దానికి పేరు లేదు, శిలాఫలకమూ లేదు. ఏ పుస్తకంలోనూ దాని బొమ్మ వుండదు. మామ్మ మొదటిసారి దానిమీదుగా వెళ్ళిన రోజున బండి ఆపించి, దిగి, కొంగు ముడి విప్పింది. వేసవి కావటంచేత గెడ్డలో నీళ్ళు చీలమండ లోతే. ఆమె వేసిన రూపాయి అడుగున ఇసుకమీద తళతళా కనబడుతూనే వుంది. కింద ఆడుకుంటున్న పిల్లలు తలెత్తి ఆమె ముఖం చూశారు. ఒక్కరూ దాన్ని ముట్టుకోలేదు.