మూత్రమునందలి పాలచక్కెర

మూత్రమున చక్కెర కనబడినదన్న మాట చెవిని బడగానే మధుమేహమని భయపడుట మన యిండ్లలో వాడుకయైనది. చక్కెరలలో భేదములు గలవనియు, పాలయందలి చక్కెరయు మూత్రమున దిగవచ్చుననియు నెరిగినవారు కొలదిమంది. ఈ తెలియమివలన బాలింతలకు వృథాభయమును, పసికందులకు ప్రాణాపాయమును గలుగుచుండుటచే నీ విషయమును చదువరుల యెదుట నుంచుచున్నాము.

1908వ సంవత్సరమున అమెరికా రసాయనశాస్త్రజ్ఞుడగు స్టాన్లీ బెనిడిక్టు చక్కెరలను గుర్తించు నొక ద్రావకమును ప్రకటించెను. మైలుతుత్తము చేరిన యీ నీలిద్రావకము 5 మిల్లీలీటర్లలో 8 చుక్కల మూత్రము వేసి మరిగించినచో, చక్కెర కొలదిని రంగు ఆకుపచ్చగను, పసుపుగను, ఇటుకయెరుపుగను మారును. కాని యది చక్కెర గలదని చెప్పునేగాని దాని పేరు చెప్పజాలదు. గ్లూకోజునకును, పాలచక్కెరయగు ల్యాక్టోజునకును, అందుండి పుట్టెడు గాలక్టోజునకును రంగు మారుచునే యుండును. నేటి పరీక్షపట్టీలు గ్లూకోజును మాత్రమే గుర్తించును. కావున ద్రావకము ఎర్రబారియు పట్టీ మారకున్నచో, అది వేరొక చక్కెర కావచ్చునని యూహింపవలెను.

నిండునెలల గర్భిణులకును, బాలింతలకును రొమ్మున నూరిన పాలచక్కెర కొంత రక్తమున జేరి మూత్రమున బోవుట సహజము. రక్తమునందలి గ్లూకోజును పరీక్షించిన సందేహము తీరును.

శిశువుల విషయము వేరు. గాలక్టోజును మార్చు ఎంజైము పుట్టుకతోనే కొరవడుటను గాలక్టోసీమియా యందురు. ఇది యరుదైనదే గాని, సోకిన బిడ్డకు తల్లిపాలే విషమగును. వాంతులు, కామెర్లు, కాలేయపు పెరుగుదల, కంటిశుక్లములు గలుగును. ఉపేక్షించిన మరణమును సంభవించును. సకాలమున పాలు మాన్పి, పాలచక్కెర లేని యాహారమిచ్చిన ప్రాణము నిలుచును. పాలు త్రాగక సెలైనుపై నున్న బిడ్డ మూత్రమున నేమియు కనబడకపోవచ్చును. కావున రక్తమున ఎంజైమును పరీక్షించిన పిదపనే నిశ్చయము.

పాలు త్రాగిన పెద్దలకు గలుగు కడుపుబ్బరము, విరేచనములు మరియొక జాతివి. ప్రేగులలో ల్యాక్టేజు తగ్గి, జీర్ణముగాని పాలచక్కెర పులియుటయే వాని కారణము. దానిని సాధారణముగ ఊపిరియందలి హైడ్రోజనును బట్టి యెరుగుదురు. మూత్రమును బట్టి గాదు.

పాలు కక్కుచు పసుపెక్కిన పసికందును దిష్టి యని యింట నుంచుకొనరాదు. అట్లని వైద్యుని యాజ్ఞ లేక తల్లిపాలు మాన్పుటయు నంతటి తప్పిదమే. ప్రయోగశాలలవారు చక్కెర గలదని వ్రాసి యూరకుండక, అది యే చక్కెరయో తేల్చి తెలుపవలెనని కోరుచున్నాము.